ఇంట్లో బిగించే వ్యాయామ యంత్రానికి తెలుగులో జాగ్రత్తల పత్రం ఇప్పించండి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,



నేను విశాఖపట్నంలో ఉంటాను. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బోల్టు ఎంత బిగించాలి, ఏ థ్రెడ్ ఎటు తిరుగుతుంది, ఏ చప్పుడు వినిపిస్తే యంత్రాన్ని ఆపాలి అన్నవి పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. ఇప్పుడు మా కాలనీలో ఎవరింటికైనా వ్యాయామ యంత్రం పెట్టెలో వస్తే, బిగించడానికి ఓ చెయ్యి వేయమని పిలుస్తారు. వెళ్తాను. ఎక్కువగా వస్తున్నది ఎలిప్టికల్. మన దుకాణాల్లో దాన్నే క్రాస్ ట్రైనర్ అంటారు. ఆ ఇళ్లలో నేను చూస్తున్నది మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

నా విన్నపం ముందే చెబుతాను. విడిభాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకోవలసిన ప్రతి వ్యాయామ యంత్రంతోనూ, దాన్ని అమ్మే రాష్ట్రపు భాషలో జాగ్రత్తల పత్రం ఇవ్వడం తప్పనిసరి చేయండి. కంపెనీ మనిషి వచ్చి బిగిస్తే, ఏమేం సరిచూశాడో రాసి సంతకం చేసిన కాగితం కొన్నవాళ్లకు ఇప్పించండి. ఇది ఎందుకు అవసరమో కింద వివరిస్తాను.

ఈ యంత్రాలు ఇళ్లలోకి సరదాకు రావడం లేదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు నడవమంటారు. మా వీధుల్లో ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట బండ్లు నిలిపి ఉంటాయి. తెల్లవారుజామున కుక్కల భయం, తెల్లారాక ఎండ భయం. ఇంటిపని, ఉద్యోగం రెండూ మోసే ఆడవాళ్లకు పార్కుకు వెళ్లే వేళ దొరకదు. మోకాళ్లు నొప్పి పెట్టేవాళ్లు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తలేరు. 1995లో అమెరికాలోని ప్రికోర్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఎలిప్టికల్ ఇలాంటివాళ్లకు చక్కగా నప్పింది. పాదం పెడల్‌ను వదలదు కాబట్టి అడుగడుగునా నేల నుంచి తగిలే దెబ్బ మోకాలికి ఉండదు. కాళ్లతో పాటు చేతులూ పనిచేస్తాయి. ఈ యంత్రం మంచిదేనని నా నమ్మకం. మంచిది కాబట్టే అది క్షేమంగా నడవాలని కోరుకుంటున్నాను.

అసలు విషయం ఏమిటంటే, ఈ యంత్రం ఫ్యాక్టరీలో సగమే తయారవుతుంది. మిగతా సగం మా ఇళ్ల హాల్లో, పడగ్గదిలో తయారవుతుంది. పెట్టె విప్పితే ఫ్లైవీల్ అనే బరువు చక్రం ఉన్న మొద్దు ఒకటి, నేల మీద ఆనే రెండు అడ్డకమ్మీలు, నిలువు స్తంభం, కదిలే చేతులు, పెడల్ చేతులు, క్రాంకు దగ్గర బిగించే ఇరుసులు, సంచుల్లో బోల్టులు, వాషర్లు, నట్లు కనిపిస్తాయి. చిన్న ఎలెన్ కీ, రేకు స్పానరు ఒకటి ఉంటాయి. ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకం ఉంటుంది. మనిషి బరువంతా మోసే జాయింట్లను చివరికి బిగించేది ఆ ఇంటి తండ్రో కొడుకో, లేదా అరగంటలో పని ముగించుకుని మరో ఇంటికి పరుగెత్తవలసిన కుర్రాడో. ఫ్యాక్టరీలో జరిగే సగానికి తనిఖీలు ఉంటాయి. ఇంట్లో జరిగే సగాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు.

తెలుగులో ఉండవలసిన పత్రంలో ఏమేం ఉండాలో నాకు తెలిసినంతలో ఇక్కడే రాస్తున్నాను. మీ అధికారులకు ముసాయిదాగా పనికొస్తుంది. ఈలోగా చదివిన పాఠకులకూ ఉపయోగపడుతుంది.

మొదట బిగింపు. పెట్టె బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకోవాలి. భాగాలన్నీ దుప్పటి మీద పరిచి పుస్తకంలోని జాబితాతో సరిచూసుకోవాలి. ఒక్క బోల్టు తక్కువైనా పని ఆపి కంపెనీని అడగాలి. చేతికి దొరికిన మరో బోల్టు వేయకూడదు. పొడవు, లావు ఒకేలా కనిపించినా థ్రెడ్ వేరుగా ఉండవచ్చు, ఉక్కు నాణ్యత తక్కువ కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎడమ పక్క. కుడి క్రాంకుకు పెడల్ చేతిని బిగించే ఇరుసు మామూలుగా కుడివైపు తిప్పితే బిగుస్తుంది. చాలా మోడళ్లలో ఎడమ క్రాంకు ఇరుసుకు లెఫ్ట్ హ్యాండ్ థ్రెడ్ ఉంటుంది, అంటే ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. సైకిల్ ఎడమ పెడల్‌కు కూడా అలాగే ఉంటుంది. ఎందుకంటే తొక్కుతున్నప్పుడు ఆ పక్క పుట్టే తిప్పుడుకు మామూలు థ్రెడ్ వదులైపోతుంది. ఇరుసు కొనమీద ఎల్, ఆర్ అని చిన్న ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటి అర్థం తెలియనివాళ్లు కుడి ఇరుసును ఎడమ క్రాంకులో పెట్టి, బిగియడం లేదని బలం ఉపయోగిస్తారు. థ్రెడ్ తెగుతుంది. తెగిన థ్రెడ్ ఆ రోజు పట్టినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు మనిషి పైన ఉండగా పెడల్ చెయ్యి ఊడిపోతుంది. అందుకే మొదటి కొన్ని చుట్లు ఎప్పుడూ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో నునుపుగా ఎక్కకపోతే వెనక్కి తీసి, అది సరైన పక్క ఇరుసేనా అని మళ్లీ చూసుకోవాలి. స్పానరు తర్వాతి సంగతి.

రెండోది వరస. ఒక జాయింటులో నాలుగు బోల్టులుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. నాలుగూ వేళ్లతో ఎక్కించి, యంత్రం సమంగా నిలిచాక ఎదురెదురుగా ఉన్నవాటిని వంతులవారీగా బిగించాలి. గొట్టం మీద కూర్చునే వంపు వాషరు, వదులు కాకుండా పట్టి ఉంచే స్ప్రింగ్ వాషరు పుస్తకంలో చూపిన వరసలోనే వేయాలి. పని అయ్యాక నేల మీద వాషరు మిగిలితే, అది ఎక్కడిదో తేలేదాకా యంత్రం ఎక్కకూడదు. నైలాన్ పొదిగిన నట్టును పదేపదే విప్పి బిగిస్తే దాని పట్టు పోతుంది, అప్పుడు కొత్త నట్టు వేయాలి.

మూడోది తీగ. నిలువు స్తంభం లోపలి నుంచి మీటరుకు వెళ్లే సన్నని తీగలుంటాయి. స్తంభాన్ని దించేటప్పుడు అవి అంచుల మధ్య నలిగితే మీటరు పనిచేయదు. యంత్రం పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లలో కొందరు నిజానికి తీగ నలిపినవాళ్లే. ఒకరు స్తంభం పట్టుకుంటే ఇంకొకరు తీగను మెల్లగా పైకి లాగుతూ ఉండాలి.

ఇక చోటు. ఈ సంగతి మన ఇళ్లకు ప్రత్యేకం కాబట్టి వివరంగా రాస్తున్నాను. గాలి తగలాలని దాదాపు అందరూ యంత్రాన్ని సీలింగ్ ఫ్యాను కిందే పెడతారు. లెక్క వేసి చూడండి. ఎత్తైన స్థానానికి వచ్చినప్పుడు పెడల్ నేల నుంచి అడుగున్నర దాకా లేస్తుంది. 5 అడుగుల 8 అంగుళాల మనిషి దాని మీద నిలబడితే తల 7 అడుగుల 2 అంగుళాల దగ్గర ఉంటుంది. జుట్టు సర్దుకోవడానికో, తుండు భుజం మీద వేసుకోవడానికో చెయ్యి పైకెత్తితే వేళ్లు మరో అడుగున్నర పైకి వెళ్తాయి. కప్పు పది అడుగుల ఎత్తులో ఉండి ఫ్యాను అడుగున్నర కిందికి వేలాడితే, రెక్కలు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర తిరుగుతుంటాయి. చెయ్యి నేరుగా రెక్కకు తగులుతుంది. కప్పు తక్కువ ఎత్తున్న పాత ఫ్లాట్లలో తలకే ప్రమాదం. కాబట్టి యంత్రాన్ని ఫ్యాను కింద పెట్టకూడదు. పక్కన స్టాండు ఫ్యాను పెట్టుకోవాలి. కొనేముందే పెడల్ గరిష్ఠ ఎత్తు అడిగి తెలుసుకుని, ఇంట్లో అందరికంటే పొడగరి ఎత్తు దానికి కలిపి చూసుకోవాలి.

యంత్రం ఎక్కే దిగే వైపు ఖాళీ ఉండాలి. వ్యాయామ యంత్రాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957, ఎక్కే వైపు వ్యాయామానికి పట్టే చోటు దాటి కనీసం 0.6 మీటరు, అంటే రెండడుగుల ఖాళీ అడుగుతుంది. మంచానికీ బీరువాకీ మధ్య ఇరికించిన యంత్రం మీద నుంచి తూలితే పడడానికి కూడా చోటు ఉండదు. నునుపైన టైల్స్ మీద నేరుగా పెట్టకుండా మందపాటి రబ్బరు చాప వేయాలి. అడ్డకమ్మీల చివర తిప్పే టోపీలుంటాయి, వాటితో ఎగుడుదిగుడు సరిచేయాలి. ఊగే యంత్రం మీద ఒంటి బరువు ఒక పక్కకే పోతుంది, బోల్టులూ తొందరగా వదులవుతాయి. వాన జల్లు పడే బాల్కనీ ఈ యంత్రానికి చోటు కాదు.

ఎక్కడం, దిగడం గురించి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావలసింది అక్కడే. చాలా ఇంటి యంత్రాల్లో ఫ్లైవీల్ పెడళ్లతో ముడిపడే ఉంటుంది. మనం కాళ్లు ఆపినా చక్రం కొంతసేపు తిరుగుతూ పెడళ్లను, వాటితో పాటు కదిలే చేతులను తిప్పుతూనే ఉంటుంది. అలా తిరుగుతుండగా దిగబోతే వెనక నుంచి వచ్చే పెడల్ మడమకో పిక్కకో తగులుతుంది. ఎక్కేటప్పుడు కదలని హ్యాండిల్ పట్టుకోవాలి. మనం ఎక్కే పక్క పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి ముందు దాని మీద కాలు పెట్టాలి. దిగేటప్పుడు యంత్రం పూర్తిగా ఆగనివ్వాలి. బరువు కింది పెడల్ మీదే ఉంచి, పై పెడల్ మీది కాలిని ముందు నేలకు దించాలి. పై పెడల్ మీద బరువు మోపితే అది ఒక్కసారిగా కిందికి జారుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. నిరోధం లెవెల్ ఎక్కువలో పెడితే యంత్రం లాకైపోతుందనుకుంటారు. అది నిజం కాదు. ఇంటి యంత్రాల్లో ఎక్కువ వాటికి అయస్కాంతపు బ్రేకు ఉంటుంది. అయస్కాంతాలు చక్రానికి దగ్గరయ్యేకొద్దీ నిరోధం పెరుగుతుంది, కానీ చక్రం తిరుగుతున్నప్పుడే ఆ బలం పుడుతుంది. చక్రం ఆగి ఉన్నప్పుడు అది దాదాపు సున్నా. అందుకే ఎంత ఎక్కువ లెవెల్లో పెట్టినా, నాలుగేళ్ల పిల్ల మెల్లగా తోస్తే పెడల్ కదులుతుంది. పెడల్ చేతికీ క్రాంకుకీ మధ్య, చక్రాలు దొర్లే పట్టాల దగ్గర ఆ పిల్ల వేళ్లు నలుగుతాయి. పిల్లలున్న ఇంట్లో వాడనప్పుడు కదిలే చేతిని కదలని చట్రానికి గట్టి పట్టీతో కట్టేయాలి, లేదా ఆ గదికి గడియ పెట్టాలి. పెద్దలు వ్యాయామం చేస్తున్నప్పుడు పిల్లలు గదిలో ఉండకూడదు.

బట్టల విషయం కూడా ఇంగ్లీషు పుస్తకాలు పైపైన వదిలేస్తాయి. చీర కుచ్చిళ్లు, చున్నీ, లుంగీ అంచు, వదులు పైజామా కాలు క్రాంకులో చుట్టుకుంటాయి. పొడవాటి జడ ముడి వేసుకోవాలి, మెడలో పొడవుగా వేలాడే గొలుసులను లోపలికి దోపుకోవాలి. ఇంట్లో చెప్పులు వేసుకోని అలవాటు మనది. ఈ యంత్రం మీద మాత్రం వట్టికాళ్లతో ఎక్కకూడదు. వీధిలో వాడని బూట్లు ఒక జత దీనికోసమే ఉంచుకోవాలి. పాదం పెడల్ మీద ఒకే చోట ఉండడం వల్ల కొందరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఆపినప్పుడల్లా బొబ్బలున్నాయేమో చూసుకోవాలి.

ఒంటి సంగతి డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పేది యంత్రం పక్క నుంచే. గుండె జబ్బు, బీపీ, మధుమేహం ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు చక్కెర పడిపోయే ప్రమాదం గురించి ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి. మొదటి రోజుల్లో కొద్ది నిమిషాలు, తక్కువ లెవెల్ చాలు. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే శ్రమ ఓ మోస్తరుగా ఉన్నట్టు. రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. హ్యాండిల్ పట్టుకుంటే మీటరు చూపించే గుండె వేగం, కేలరీలు ఉజ్జాయింపులే. వాటిని చూసి మందులు మార్చుకోకూడదు. బీపీకి వాడే కొన్ని మందులు గుండె వేగాన్నే తగ్గిస్తాయి కాబట్టి ఆ అంకె మరీ నమ్మదగినది కాదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చల్లచెమట పడితే ఆగి, జాగ్రత్తగా దిగి 108కి ఫోన్ చేయాలి.

ఇక నిర్వహణ. కొత్త యంత్రం బోల్టులు మొదటి వారంలో సర్దుకుంటాయి, కాబట్టి వారం తర్వాత అన్నిటినీ ఒకసారి బిగించాలి. అటుపైన నెలకోసారి చాలు. ముఖ్యంగా ప్లాస్టిక్ మూతల కింద దాగి ఉండే క్రాంకు బోల్టులను మరిచిపోకూడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. దానికి చెమట ఉప్పు తోడైతే వెల్డింగు అతుకుల దగ్గర, బోల్టు తలల చుట్టూ తుప్పు మొదలవుతుంది. వ్యాయామం ముగిశాక తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. మీటరు మీద నేరుగా నీళ్లు చల్లకూడదు. పట్టాల మీద చక్రాలు దొర్లే రకమైతే పట్టాల మీది దుమ్ము, వెంట్రుకలు తీసేయాలి. ఏ జాయింటుకు ఏ గ్రీజు పెట్టాలో పుస్తకంలో ఉన్నదే వాడాలి. కిర్రుమంటే చాలు తుప్పు వదిలించే పలచటి స్ప్రే కొట్టడం మన అలవాటు. అది లోపలి గ్రీజును కడిగేస్తుంది. రెండు రోజులు నిశ్శబ్దం, తర్వాత ఇరుసు చుట్టూ ఉండే బుష్ అరుగుదల.

చప్పుళ్లను గుర్తుపట్టడం కూడా నేర్పాలి. కిర్రుమనే చప్పుడు మామూలుగా ఎండిపోయిన బుష్‌ది. ప్రతి చుట్టుకూ ఒకసారి టక్‌మంటే క్రాంకు బోల్టు గానీ పెడల్ ఇరుసు గానీ వదులైందని అనుమానించి వెంటనే ఆపాలి. లోపల గరగరమంటే బేరింగు సంగతి, మెకానిక్ చూడాలి. వెల్డింగు దగ్గర సన్నని గీతలాంటి పగులు కనిపిస్తే ఆ యంత్రం పని అయిపోయినట్టే. వీధి చివర వెల్డింగు షాపులో అతికించి మళ్లీ ఎక్కకూడదు. ఏ పని చేయాలన్నా ముందు ప్లగ్గు తీయాలి. అడాప్టరు పోతే అదే వోల్టేజి, అదే రకం కొనాలి. సెల్లులతో నడిచే మీటరైతే చాలాకాలం వాడనప్పుడు సెల్లులు తీసేయాలి, అవి కారితే మీటరు పోతుంది.

మంత్రి గారూ, ఇవేవీ ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యే రహస్యాలు కావు. నాలుగు పేజీల్లో బొమ్మలతో చెప్పవచ్చు. పదో తరగతి చదివిన ఎవరైనా తెలుగులో చదివి పాటించగలరు. ఆ నాలుగు పేజీలు లేకపోవడమే సమస్య.

చట్టం లేదని నేను అనడం లేదు. మన పార్లమెంటు చేసిన వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఈ విషయంలో ఎంతో ముందుచూపుతో ఉంది. సరైన వాడకానికి చాలినన్ని సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడని 84వ సెక్షన్ చెబుతోంది. వస్తువును అమర్చడంలో, తనిఖీ చేయడంలో, నిర్వహించడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తయారీదారు ఇచ్చిన హెచ్చరికలను కొన్నవారికి అందించకపోయినా, దానివల్ల హాని జరిగితే అమ్మకందారు బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతోంది. వస్తువును ఇంటికొచ్చి బిగించే వ్యాపారిని కూడా అమ్మకందారు నిర్వచనంలోనే చేర్చారు. అయితే 87వ సెక్షన్‌లో మరో మాట ఉంది. హాని జరిగే సమయానికి వస్తువును తప్పుగా వాడి ఉంటే అమ్మకందారు మీద దావా చెల్లదు. చదవలేని భాషలో సూచనలిచ్చి, వాటిని పాటించలేదు కాబట్టి తప్పు మీదేనని కొన్నవాళ్లతో వాదించే వీలు ఇక్కడ పుడుతోంది. చాలినన్ని సూచనలు అంటే కొన్నవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉన్న సూచనలే. ఆ మాట నిబంధనల్లో స్పష్టంగా రాయాలి.

ప్రస్తుతం భాష విషయంలో నిబంధనలు అంత దూరం వెళ్లడం లేదు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం పెట్టె మీద తప్పనిసరి వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చాలు. మరో భాష అదనంగా వేసుకోవచ్చు, వేయాలన్న నియమం లేదు. ఇంతకంటే మెరుగైన దారి మన దేశంలోనే ఉంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు లేబుల్‌ను, కరపత్రాన్ని హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లో అచ్చేయాలంటున్నాయి. అందుకే గుంటూరు రైతు పురుగుమందు డబ్బా విప్పితే తెలుగు కాగితం కనిపిస్తుంది. పొలానికి అర్ధ శతాబ్దం కిందటే అందిన ఈ రక్షణ ఇంటికి ఇంకా అందలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులో ఫిర్యాదు చేయవచ్చు. దెబ్బ తగిలాక తెలుగులో వినే ప్రభుత్వం, దెబ్బ తగలకముందే తెలుగులో చెప్పించగలదు.

నియంత్రణ సంస్థ గట్టిగా నిలబడితే ఏం జరుగుతుందో అమెరికాలో చూశాం. పెలోటాన్ కంపెనీ వారి ట్రెడ్ ప్లస్ ట్రెడ్‌మిల్ కింద చిక్కుకుని ఒక చిన్నారి ప్రాణం కోల్పోయాక, అక్కడి వినియోగదారు ఉత్పత్తుల భద్రతా సంఘం 2021 ఏప్రిల్‌లో ప్రజలను హెచ్చరించింది. కంపెనీ మొదట ఒప్పుకోలేదు. మే నెలలో సుమారు 1,25,000 యంత్రాలను వెనక్కి పిలిచింది. ప్రమాదాల సంగతి వెంటనే తెలియజేయనందుకు 2023 జనవరిలో 1.9 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. అది ట్రెడ్‌మిల్, నేను రాస్తున్నది ఎలిప్టికల్ గురించి. కానీ ఇంట్లో పిల్లల మధ్య తిరిగే యంత్రం అన్న లక్షణం రెండిటికీ ఒకటే. మన 2019 చట్టం 20వ సెక్షన్ కింద ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా ఉంది. ఆ అధికారం వాడాలంటే ముందు ప్రమాదాల లెక్క ఒకచోట చేరాలి.

అందుకని ఈ అయిదు పనులు చేయించమని కోరుతున్నాను.

1. ఇంట్లో బిగించే ఎలిప్టికల్, ట్రెడ్‌మిల్, వ్యాయామ సైకిల్ లాంటి యంత్రాలన్నిటికీ, అమ్మే రాష్ట్రపు భాషలో బొమ్మలతో జాగ్రత్తల పత్రం తప్పనిసరి చేయండి. ఆన్‌లైన్‌లో కొన్నా ఇది వర్తించాలి.

2. ఎడమ, కుడి భాగాలకు చెరిగిపోని రంగు గుర్తు, లెఫ్ట్ హ్యాండ్ థ్రెడ్ ఉన్నచోట తిప్పే దిశ చూపే బాణం గుర్తు వేయించండి. బొమ్మకు భాష అడ్డు రాదు.

3. కంపెనీ తరఫున బిగించేవాళ్లకు శిక్షణ, సరైన పనిముట్లు ఇప్పించండి. క్రాంకు బోల్టులు, ఇరుసులు, సమతలం, కప్పు ఎత్తు, ఫ్యాను దూరం చూశామని సంతకం చేసిన కాగితం ఇంటివాళ్లకు ఇవ్వాలి. నెల తర్వాత ఒకసారి వచ్చి మళ్లీ బిగించి వెళ్లడం అమ్మకపు ధరలోనే భాగం కావాలి. ఆ కుర్రాళ్లకు ఇంటికి ఇంత అని కాకుండా పనికి తగిన సమయం, జీతం ఉంటేనే ఇది జరుగుతుంది.

4. ప్రతి మోడల్ పుస్తకం, విడిభాగాల జాబితా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. పాత యంత్రాలు చేతులు మారుతుంటాయి, రెండో చేతికి పుస్తకం చేరదు. యంత్రం ఇంటి వాడకానికా, జిమ్ముకా అన్నది, ఎంత బరువు దాకా మోస్తుందన్నది చట్రం మీదే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఐఎస్ఓ ప్రమాణంలో ఇంటి వాడకపు తరగతికి హెచ్ అన్న అక్షరం ఉంది. ఆ సంగతి తెలియకనే ఇంటి యంత్రాన్ని అపార్ట్‌మెంటు జిమ్ములో పెట్టి రోజంతా అందరితో తొక్కిస్తున్నారు.

5. 1915కు వచ్చే ఫిర్యాదుల్లో ఇంటి వ్యాయామ యంత్రాల వల్ల కలిగిన గాయాలను వేరుగా నమోదు చేసి, ఏటా ప్రజల ముందు పెట్టండి.

వీటిలో ఏదీ కంపెనీలకు మోయలేని భారం కాదు. యంత్రాన్ని రకరకాల రంగుల్లో అందంగా అచ్చేసిన పెట్టెలో పంపేవాళ్లకు మరో నాలుగు పేజీల ఖర్చు లెక్కలోకి రాదు. బాగా బిగించిన యంత్రం ఎక్కువకాలం నడుస్తుంది, ఫిర్యాదులు, వాపసులు తగ్గుతాయి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లకు ఈ నిబంధన మేలే చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల మంత్రులు, శాసనసభ్యులు కూడా ఈ విన్నపాన్ని తమదిగా తీసుకుని ఢిల్లీకి రాయాలని కోరుతున్నాను. మన రెండు రాష్ట్రాల పౌర సరఫరాల, తూనికలు కొలతల శాఖలు, ఐటీఐలు కలిస్తే తెలుగు పత్రం ముసాయిదా తయారు చేయడం తేలిక. పిలిస్తే వచ్చి పనిచేయడానికి నాలాంటి రిటైరైన ఫిట్టర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

ఈ లేఖ చదువుతున్నవాళ్లకు చివరిగా ఒక మాట. నిబంధన వచ్చేదాకా ఆగవద్దు. మీ ఇంట్లో ఎలిప్టికల్ ఉంటే ఈ ఆదివారమే ప్లగ్గు తీసి, క్రాంకు బోల్టులు, పెడల్ ఇరుసులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. ఫ్యాను కింద ఉంటే జరపండి. పిల్లలుంటే పట్టీ కట్టండి. ఏదైనా వదులుగా ఉండి మీ చేతికి బిగియకపోతే, మెకానిక్ వచ్చి చూసేదాకా దాన్ని ఎక్కవద్దు.

మంత్రి గారూ, ఆరోగ్యం కోసం డబ్బు పెట్టి కొన్న యంత్రం వల్ల ఏ ఇంట్లోనూ ఎవరికీ దెబ్బ తగలకూడదు. తెలుగువాళ్లకు అమ్మే వస్తువుకు తెలుగులో జాగ్రత్త చెప్పడం అమ్మేవాడి బాధ్యత. ఆ బాధ్యతను నిబంధనగా రాయడం మీ చేతిలో ఉంది. రాయండి.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఫిట్టర్ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం